నలభై ఒకటో పెట్టె

మా ఆయన రెన్ షౌయీ పార్టీలో అంత పైకి ఎలా వచ్చాడని ఎవరైనా అడిగితే నేను ఒకటే చెబుతాను: నోరు మూసుకుని. నోరున్నవాడు ఒక మెట్టు ఎక్కేలోపు నోరు కట్టుకున్నవాడు నాలుగు ఎక్కుతాడు. ఆయన షాన్‌డాంగ్ రైతు బిడ్డ. సైన్యంలో తుపాకులు బాగుచేసే దళంలో పనిచేసి, షాంఘైలో మా కర్మాగారానికి పార్టీ మనిషిగా వచ్చాడు. నేనక్కడ లేత్ మీద పనిచేసేదాన్ని. మొదటిసారి నన్ను సినిమాకు తీసుకెళ్ళి, అది అయిపోయేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. బయటికొచ్చాక, "బాగుంది," అన్నాడు.

"ఏది? సినిమానా, నేనా?" అని అడిగాను.

"అది రహస్యం," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వుకే పెళ్ళి చేసుకున్నాను. ఆ రహస్యాల మనిషితో ముందు ముందు ఏం పడాలో అప్పుడు తెలిస్తే కదా!

మరుసటేడే పైనుంచి ఆజ్ఞ వచ్చింది. యుద్ధం వస్తే సముద్రపొడ్డున ఉన్న కర్మాగారాలన్నీ బాంబులకు పోతాయట. కాబట్టి మా యంత్రాలూ మేమూ మూటాముల్లె సర్దుకుని గ్వేజౌ కొండల్లోకి వెళ్ళిపోవాలి. రైల్లో కొంత, లారీల్లో కొంత వెళ్ళాం. కొండను తొలిచి గుహ చేసి, అందులో యంత్రాలు బిగించుకున్నాం. మేం చేసేది ఫిరంగి గుండు ముక్కున బిగించే ఫ్యూజు. గుండు ఎప్పుడు పేలాలో గుండుకు చెప్పేది అదే. రెన్‌ను అంతటికీ పార్టీ కార్యదర్శిని చేశారు. కర్మాగారం ఆయన చేతిలోనే, ఆసుపత్రి ఆయన చేతిలోనే, బడి ఆయన చేతిలోనే. భోజనశాలలో ముల్లంగి పులుసు నీళ్ళగా ఉంటే తిట్లు కూడా ఆయనకే.

ఆ కర్మాగారానికి పేరు లేదు. గేటు మీద బోర్డు లేదు. ఉత్తరాలకు మాత్రం ఒక చిరునామా ఉండేది: గ్వేజౌ రాష్ట్రం, చింగ్‌షీ, నలభై ఒకటో పోస్టు పెట్టె. చింగ్‌షీ అంటే కొండ దిగువనున్న చిన్న బస్తీ. అక్కడి బస్టాండులో టికెట్లిచ్చేవాళ్ళ నుంచి నూడుల్స్ అమ్మేవాళ్ళ దాకా అందరినీ రెన్ కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. కొత్త మొహం వచ్చి ఏం అడిగినా జవాబు ఒకటే ఉండాలి: "తెలియదు." ఉంది అనకూడదు, లేదు అని కూడా అనకూడదు. లేదంటే ఏదో ఉన్నట్టేనని తెలివైనవాడు పసిగడతాడట.

"తెలియదు అనేది గోడ లాంటిది. గోడతో వాదం పెట్టుకుని ఎవడూ ఏమీ రాబట్టలేడు," అనేవాడు.

ఈ పద్ధతికి ఆయనకు రాష్ట్రమంతా పేరొచ్చింది. వేరే కొండల్లోని కార్యదర్శులు వచ్చి మా బస్టాండు చూసి, నేర్చుకుని వెళ్ళారు.

ఆయన దగ్గర ఇంకో పద్ధతి కూడా ఉండేది. నలుగురినీ ఏదైనా వదులుకోమని అడగాల్సి వస్తే, "ముందు మన ఇల్లు," అనేవాడు. జీతాలు పెంచే ఏడు నా పెంపు వేరొకరికి వెళ్ళిపోయింది. ఇటుక ఇళ్ళు వచ్చినప్పుడు మేం చివరిదాకా మట్టి గోడల మధ్యే ఉన్నాం. ఊరికి దూరంగా పనిచేసేవాళ్ళకు నాలుగేళ్ళకోసారి తల్లిదండ్రులను చూసి రావడానికి సెలవిస్తారు. నా వంతు వచ్చిన ఏడు పని ఒత్తిడి ఎక్కువై సెలవులు తగ్గించాలన్నారు. ముందు మన ఇల్లే కదా! నా సెలవు నన్నడక్కుండానే వదిలేశాడు. వదులుకోవడంలో మేం మొదటివాళ్ళం, అందుకోవడంలో ఆఖరివాళ్ళం. ఊళ్ళో అందరూ ఆయన్ను మెచ్చుకునేవాళ్ళు. ఆయన్ను మెచ్చుకోవడానికి ఖర్చయ్యేది మాత్రం నా సొమ్ము.

మా అమ్మది నింగ్బో దగ్గర సముద్రపొడ్డునున్న పల్లె. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మకు నేనొక్కదాన్నే. పాతకాలపు ఆచారం ప్రకారం చిన్నప్పుడే గుడ్డలతో బిగించి పెరగనివ్వని పాదాలు, కాస్త చెవుడు, నోరు మాత్రం పెద్దది. ఏడాదికోసారి మా సముద్రంలో పడే పసుపురంగు పచ్చచేపలు ఎండబెట్టి, బియ్యప్పిండి దిమ్మలతో కలిపి మూటకట్టి పోస్టులో పంపేది. రెన్‌కు ఆ చేపలంటే ప్రాణం. "మీ అమ్మ చెయ్యి పడితే ఉప్పు కూడా తియ్యగా ఉంటుందే," అనేవాడు. ఆయన ఎవరి గురించైనా అంత పెద్ద మాటనడం నేను వినలేదు.

అమ్మకు చదువు రాదు. ఊరి పంతులు చేత ఉత్తరాలు రాయించేది. "ఒసే లింగ్‌దీ, పోస్టు పెట్టెలో కాపురం ఏంటే? మీ ఆయన పట్టాడా అందులో?" అని మొదట్లో వేళాకోళాలాడేది. తర్వాత ఒక ఉత్తరం వచ్చింది. అందులో వేళాకోళం లేదు. పక్కింటి చెన్ వాళ్ళ అబ్బాయిని శిక్ష వేసి ఎక్కడికో పంపారు. వాడికి ఉత్తరం రాయాలన్నా ఊరి పేరు ఉండదట, పెట్టె నంబరు వేసి పంపాలట. "ఊళ్ళో అందరూ నన్నో రకంగా చూస్తున్నారు బిడ్డా. ఆరేళ్ళయింది నీ మొహం చూసి. నువ్వేదైనా తప్పు చేశావా? చేసినా పర్వాలేదు, అమ్మకు చెప్పు," అని రాయించింది.

ఆ ఉత్తరం రెన్ ముందు పెట్టాను. చదివి నవ్వాడు.

"మీ అమ్మకు తెలివెక్కువ."

"నవ్వడం కాదయ్యా. నేను ఖైదీననుకుంటోంది మా అమ్మ! కర్మాగారమని రాయనా?"

"కర్మాగారమంటే, ఏం కర్మాగారం అంటుంది. ఏం చేస్తారంటుంది. ఎక్కడంటుంది. ఒక దారప్పోగు లాగితే చొక్కా అంతా ఊడొస్తుంది. క్షేమమని రాయి."

క్షేమమని రాశాను. గాలి మంచిదని, కొండలు పచ్చగా ఉంటాయని రాశాను. ఉత్తరాలు చూసే భద్రతా విభాగంవాళ్ళు కొండల మాట కొట్టేసి పంపారు. జైల్లోంచి వచ్చే ఉత్తరాల్లో కూడా అలాగే నల్లగా కొట్టేసి ఉంటుందట. అది నాకు ఆ తర్వాత చెన్ వాళ్ళావిడ చెప్పింది.

ఆ చలికాలం అమ్మ దగ్గర్నుంచి మూట రాలేదు. ఈసారి చేపలు పడలేదేమో అనుకున్నాను.

మా కొత్త సంవత్సరమైన వసంత పండగ ముందు ప్రతి ఏడూ భోజనశాలలో సభ పెట్టి మంచి పనులు చేసినవాళ్ళను మెచ్చుకోవడం మా దగ్గర ఆనవాయితీ. బల్లలు గోడకు జరిపి, వేదిక మీద ఎర్రగుడ్డ కట్టేవాళ్ళు. మెప్పు పొందినవాళ్ళ రొమ్ముకు ఎర్రకాగితం పువ్వు గుచ్చి ఫ్లాస్కో, ఎనామిల్ గ్లాసో ఇచ్చేవాళ్ళు. ఆ ఏడు మొదటి మెప్పు మా కర్మాగారం మనిషికి కాదు, బస్టాండులో నూడుల్స్ అమ్మే లొంగ్ వదినకు. ఆమె అక్కడి మియావ్ కొండజాతి మనిషి, మంచిది, నోట్లో నాలుక లేనిది. వేదిక మీద తల వంచుకుని, పువ్వు నలిగిపోతుందేమోనని మెడ కూడా తిప్పకుండా నిలబడింది. నేను మూడో వరసలో కూర్చుని అందరితో పాటు చప్పట్లు కొట్టాను.

రెన్ లేచి, భద్రతా విభాగానికి పెద్ద అయిన హౌ రాసిచ్చిన కాగితం చదవడం మొదలుపెట్టాడు. ముందుగా చదివి చూసుకోలేదు. అలాంటివి ఏటా ఎన్నో చదువుతాడు.

"ఈ చలికాలంలో చింగ్‌షీ బస్టాండుకు అనుమానం కలిగించే ఒక వృద్ధురాలు వచ్చింది. ఎవరికీ అర్థంకాని యాస. చెవుడు నటిస్తోంది. నలభై ఒకటో పెట్టె ఎక్కడుందని కనబడిన ప్రతివారినీ అడిగింది. పాదాలు చిన్నవి. చేతిలో నీలం గుడ్డ మూట. విప్పించి చూస్తే, అందులో బియ్యప్పిండి దిమ్మలు, ఎండబెట్టిన..."

అక్కడ ఆగాడు.

సభలో ఎవరూ ఏమీ అనుకోలేదు. కార్యదర్శికి గొంతు ఎండిందనుకున్నారు. ఆయన బల్ల మీది మంచినీళ్ళు తాగాడు, కాగితం వంక చూశాడు. తర్వాత తలెత్తి, మూడో వరసలో నా వంక చూశాడు. నేనప్పటికే లేచి నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచానో నాకే తెలియదు.

"...ఎండబెట్టిన పచ్చచేపలు ఉన్నాయి," అని చదివాడు. ఆపలేదు, చివరిదాకా చదివాడు. "కామ్రేడ్ లొంగ్ అప్రమత్తత వల్ల ఆ వృద్ధురాలికి ఒక్క ముక్క కూడా తెలియలేదు. మూడు రోజులు బెంచీ మీద కూర్చుని, నాలుగో రోజు వచ్చిన దారినే వెళ్ళిపోయింది."

అందరూ చప్పట్లు కొట్టారు. రెన్ కూడా కొట్టాడు. ఆ చేతులు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఆడతాయి.

సభ అయ్యాక లొంగ్ వదినను పెరట్లో పట్టుకున్నాను. ఆమె ఫ్లాస్కు మూత తీసి లోపల అద్దంలా మెరుస్తుంటే మురిసిపోతోంది.

"వదినా, ఆ ముసలామె ఏమంది నీతో?"

"ఏమంటాదమ్మా, నాకు సగం అర్థం కాల్యా. మంచామెలానే ఉన్నింది పాపం. చలికి వణకతా ఉంటే ఏడి నూడుల్స్ పెడితిని. దుడ్లు తీసుకోలా నేను. ఆయమ్మ ఊరుకుంటాదా, రెండు చేపలు నా చేతిలో పెట్టె. కార్యదర్శి సార్ తిట్టడు కదా?"

"తిట్టడు. ఏమడిగింది?"

"పెట్టె ఏడుందనె. తెలీదంటి. బిడ్డ పేరేందో చెప్పె. తెలీదంటి. ఆకరి దినం బస్సు ఎక్కబోతా నా చెయ్యి పట్టుకొని, మాట అర్థమయ్యేలా ఒక్కొక్కటే పలికి అడిగె. 'అది జైలా?' అని."

"నువ్వేమన్నావు?"

లొంగ్ వదిన నా వంక వింతగా చూసింది.

"తెలీదంటి. ఏమడిగినా అదే అనమన్నాడు కదా సారు! ఎందుకమ్మా, తప్పు చేస్తినా?"

తప్పు ఆమెది కాదని కూడా చెప్పకుండా వెనక్కి తిరిగాను. జైలా అని అడిగిన తల్లికి తెలియదు అని చెబితే ఆ తల్లికేం అర్థమవుతుంది? కాదనే ఒక్క మాట కోసం ఆమె దేశం ఈ చివర్నుంచి ఆ చివరికి, ఆ పాదాలతో వచ్చింది. మా గేటు అక్కణ్ణుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది.

ఇంటికి వచ్చేసరికి రెన్ పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు. పొయ్యి వెలిగించలేదు.

"నాకు సెలవు కావాలి. రేపే," అన్నాను.

"లింగ్‌దీ, ఈ నెల సెలవులన్నీ ఆపాం. సరిహద్దుకు సరుకు పంపాలి. ఆ కాగితం మీద సంతకం నాదే."

"సంతకం నీదే అయితే కొట్టెయ్యడానికి కలం కూడా నీదే."

"అందరికీ తల్లులున్నారు. నీకిస్తే మిగతావాళ్ళకు ఏం చెప్పను?"

"అందరికీ ఉన్నారయ్యా. వాళ్ళ తల్లుల్ని నువ్వు బస్టాండు నుంచి తరమలేదు. నా తల్లిని తరిమావు. తరిమి చప్పట్లు కొట్టావు!"

ఆ రోజు నేను అనకూడనివన్నీ అన్నాను. ఇంట్లో ఉన్న రెండు చేపల గిన్నెలూ పగలగొట్టాను. ఆయన ముక్కలు ఏరుతూ, "తంతి పంపిస్తాను," అన్నాడు. పంపించాడు కూడా. 'కూతురు క్షేమం. వసంతంలో వస్తుంది.' భద్రతా విభాగంవాళ్ళు అంతకంటే ఒక్క మాట ఎక్కువ పోనివ్వలేదు. వాళ్ళకు ఆ పని నేర్పింది ఈయనే. తాను తీసిన గోతిలో తాను పడితే ఏడవచ్చు, నవ్వచ్చు. ఈయన తీసిన గోతిలో మా అమ్మ పడింది.

సరుకు వెళ్ళిపోయి సెలవులు మళ్ళీ ఇచ్చేసరికి పొలాల్లో ఆవపూలు విరగబూశాయి. రైళ్ళూ బస్సులూ మారి ఊరు చేరాను. అమ్మ మంచం మీద ఉంది. చలికాలం ప్రయాణంలో పట్టిన దగ్గు ఛాతీలోకి దిగిందట. నా ఒంటి మీద కర్మాగారంలో ఇచ్చిన నీలం దుస్తులు. వాటి మీద ఏ పేరూ ఉండదు. అమ్మ నన్ను చూడగానే లేవబోయి లేవలేక, నా రెండు చేతులూ లాక్కుని, జాకెట్టు చేతులు పైకి మడిచి మణికట్లు తడిమి చూసింది.

"గొలుసులు వేస్తారా?" అంది.

"అమ్మా! గొలుసులేంటే! నేను పనిచేస్తున్నాను. కర్మాగారంలో."

"ఏం చేస్తారక్కడ?"

గది నిండా ఇరుగుపొరుగు ఉన్నారు. చెన్ వాళ్ళావిడ తలుపు దగ్గరే నిలబడింది. వాళ్ళ ముందు అది చెప్పకూడదు.

"పోనీ, ఎక్కడుంది అది?"

అది కూడా చెప్పకూడనిదే. అమ్మ తల ఊపింది, పెద్ద లెక్క తేలిపోయినట్టు.

"చెన్ వాళ్ళబ్బాయి కూడా అంతే. ఎక్కడో చెప్పడు, ఏం చేస్తాడో చెప్పడు. ఎన్నాళ్ళకు వదిలారమ్మా నిన్ను? మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలి?"

అందరినీ బయటికి పంపి తలుపు వేశాను. అమ్మ పక్కన పడుకుని, వినిపించే చెవిలో నోరు పెట్టి, కాగితం మీద సంతకం చేసి ఎవరికీ చెప్పనని మాటిచ్చినవన్నీ చెప్పేశాను. కొండ గుహలో ఉంటామని చెప్పాను, ఫిరంగి గుండ్ల సంగతి చెప్పాను. ఆ ముక్కున బిగించే ముక్కను నా చేత్తో ఎలా చెక్కుతానో అరచేతిలో గీసి చూపించాను. దానికి శిక్ష పడితే పడనీ అనుకున్నాను. అప్పుడు నిజంగానే ఖైదీనవుతాను, అంతే కదా.

అమ్మ అంతా విని, నా బుగ్గ మీద చెయ్యి వేసి నవ్వింది.

"పిచ్చి మొహమా! ఆడవాళ్ళు ఫిరంగులు చెయ్యడమేంటే. చిన్నప్పుడు కూడా ఇంతే నువ్వు, దెబ్బలు తప్పించుకోవడానికి ఎన్ని కథలల్లేదానివో. అమ్మ దగ్గర అబద్ధాలెందుకు? నువ్వేం చేసినా నాకు బిడ్డవే." కాస్సేపు దగ్గి, మళ్ళీ అంది. "చేపలు నీకిద్దామని అంతదూరం తెచ్చాను. ఆ నూడుల్స్ అమ్మాయికి రెండిచ్చాను. మంచి పిల్ల. ఆమెకు కూడా ఏమీ తెలియదు పాపం."

నాలుగు రోజుల తర్వాత పోయింది. కూతురు జైల్లో ఉందన్న నమ్మకంతోనే పోయింది. నేను ఎంత ఏడ్చినా, ఆమె పోయినందుకు ఏడ్చింది సగమే. మిగతా సగం ఈ రోజుకీ తీరలేదు.

తిరిగొచ్చాను. ఎక్కడికి పోతాను? కాపురం చేశాను, వంట చేశాను. ఉప్పు చాలిందా, బొగ్గు అయిపోయిందా లాంటివి మాట్లాడుకునేవాళ్ళం. చేపలు మాత్రం మా ఇంట్లో మళ్ళీ వండలేదు. ఆయన అడగలేదు. అమ్మ మరణవార్త చెప్పిన రోజు ఆయన పెరట్లోకి వెళ్ళి చాలాసేపు కట్టెలు కొట్టాడు. ఆ ఏడంతా సరిపడే కట్టెలు అప్పటికే కొట్టి ఉన్నాయి. "అమ్మ" అనే మాట మా ఇద్దరి మధ్య అంతటితో ఆగిపోయింది.

ఏళ్ళు గడిచాయి. రెన్‌కు పతకాలొచ్చాయి. మా ఫ్యూజులు ఒక్కటీ తప్పుగా పేలలేదని రాజధాని నుంచి మెప్పు వచ్చింది. ఇక రాష్ట్రంలోని ఆయుధ కర్మాగారాలన్నిటినీ చూసుకునే కార్యాలయంలో ఉపాధ్యక్షుడిగా వేస్తారని, గ్వేయాంగ్ నగరంలో ఇల్లిస్తారని కబురొచ్చింది. సరిగ్గా అప్పుడే కాలం తిరగబడింది. యుద్ధం రాదన్నారు. సైన్యం మా దగ్గర కొనడం ఆపేసింది. మీ అన్నం మీరే వెతుక్కోండి, జనానికి పనికొచ్చేవి చేసి అమ్ముకోండి అన్నారు పైవాళ్ళు.

మేం ఫ్యాన్లు చేశాం. ఫ్యూజులు చేసిన చేతులాయె, ఎంత గట్టిగా చేశామంటే ఒక ఫ్యాన్ను బల్ల మీదికి ఎత్తడానికి ఇద్దరు కావాలి. కానీ మమ్మల్ని ముంచింది ఆ బరువు కాదు. ఫ్యాను డబ్బా మీద అన్నీ వేశాం. నెమలి బొమ్మ వేశాం, నాలుగు రకాల వేగమని వేశాం. ఎవరు చేశారు, ఎక్కడ చేశారు అనే చోట మాత్రం పాత అలవాటు కొద్దీ 'గ్వేజౌ, నలభై ఒకటో పెట్టె' అని ఊరుకున్నాం. మా రహస్యం ఎత్తేశామని ఎవరూ మాకు కాగితం పంపలేదు మరి!

గ్వేయాంగ్‌లోని పెద్ద దుకాణం మేనేజరు రెన్ మొహం మీదే నవ్వాడట.

"అయ్యా కార్యదర్శిగారూ, రేపు రెక్క ఊడితే కొన్నవాడు ఎవరి దగ్గరికి పోవాలి? పోస్టు డబ్బాలో చెయ్యి పెట్టి వెతుక్కోవాలా? ఊరూ పేరూ లేని సరుకు నేనెలా పెట్టను? దొంగసరుకంటారు."

ఫ్యాన్లు గుహలో గుట్టలు పడ్డాయి. జీతాలు సగమయ్యాయి. కమిటీ సమావేశంలో అందరూ తలలు పట్టుకుంటే, రెన్ ఒక్క మాటన్నాడట: "డబ్బా మీద చిరునామా వెయ్యండి. దారి కూడా వెయ్యండి."

భద్రతా విభాగం హౌకు అప్పటికి జుట్టు నెరిసింది. కానీ భయం అలాగే ఉంది. "కార్యదర్శిగారూ, పై అనుమతి లేకుండానా? ఇంతకాలం ఎవరి నోటా రానివ్వనిది, డబ్బా మీద అచ్చు వేసి ఊరూరా పంపుతామా? రేపోమాపో మీరు పైకి వెళ్ళేవారు!"

"నా పేరు రాసుకో. నేను చెప్పానని రాసుకో," అన్నాడట ఈయన.

ఈ సంగతులేవీ ఇంట్లో చెప్పలేదు. నోరు కట్టుకున్న మనిషి కదా. నాకు తెలిసింది కొత్త డబ్బాలు వచ్చినప్పుడే. ప్యాకింగ్ గదిలో ఆడవాళ్ళు పడీ పడీ నవ్వుతున్నారు. "రా వదినా రా, మీ ఆయన కళ చూడు!" అని ఒక డబ్బా నా చేతిలో పెట్టారు.

నెమలి బొమ్మ వెనకవైపున, మామూలుగా ఖాళీగా వదిలేసే చోట, ఒక పటం ఉంది. అంత పెద్ద పటం ఎవరూ ఏ డబ్బా మీదా వెయ్యరు. పటం కింద నాలుగు వరసలు రాసి ఉన్నాయి. రాత రెన్‌ది, ఆ మొద్దు అక్షరాలు నాకు తెలుసు. దాన్నే యథాతథంగా అచ్చు వేయించాడు. పటంలో దారి మొదలైంది రైలు స్టేషన్ దగ్గర కాదు, గ్వేయాంగ్ నుంచి కాదు. చింగ్‌షీ బస్టాండులో లొంగ్ వదిన నూడుల్స్ కొట్టు ముందున్న బెంచీ దగ్గర. బెంచీ బొమ్మ గీశాడు, వచ్చీరాని గీతలతో.

'ఈ బెంచీ దగ్గర లేచి ఎడమకు తిరగండి. వంతెన దాటండి. టీ తోట పక్క నుంచి మెల్లగా ఎక్కండి, మధ్యలో కూర్చోవడానికి రాయి ఉంది. గేటు దగ్గర ఎవరి కోసం వచ్చారో చెప్పండి. పిలుస్తారు.'

నవ్వే ఆడవాళ్ళ మధ్య నేను ఆ డబ్బా పట్టుకుని కూర్చుండిపోయాను. ఫ్యాను బాగుచేయించుకోవడానికి వచ్చేవాడికి కూర్చునే రాయి సంగతెందుకు? గేటు దగ్గర పిలుస్తారన్న మాటెందుకు? ఆ దారి ఎవరి కోసం గీశాడో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. పదమూడేళ్ళు నోరు విప్పని మనిషి, విప్పితే ఇలా విప్పాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మా అమ్మ మట్టిలో కలిసిపోయాక.

పైవాళ్ళు ఊరుకోలేదు. రహస్యాన్ని సొంత నిర్ణయంతో బయటపెట్టాడని తప్పు రాశారు. గ్వేయాంగ్ ఉద్యోగం, ఇల్లు పోయాయి. ఉన్నచోటే ఉండి రిటైరు కమ్మన్నారు. మరుసటేడు పైవాళ్ళే అన్ని కర్మాగారాలనూ పేర్లు పెట్టుకోమని ఆజ్ఞ ఇచ్చారనుకోండి, కానీ ఈయన మీద రాసిన తప్పు ఎవరూ చెరపలేదు. ఫ్యాన్లు కొన్ని అమ్ముడయ్యాయి. ఆ తర్వాత కర్మాగారం కూడా మూసేశారు.

ఆయన రిటైరయ్యాక మొదటి చింగ్‌మింగ్ పండగకు, పెద్దల సమాధులు శుభ్రం చేసే రోజుకు, నేను ఊరికి బయల్దేరాను. ఏటా ఒక్కదాన్నే వెళ్ళేదాన్ని. ఈసారి ఆయన చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎక్కడికి?" అన్నాను.

"నువ్వెక్కడికో అక్కడికే."

"ఇవన్నీ మూఢనమ్మకాలనే పార్టీ మనిషివి. సమాధి ముందు కాగితాలు తగలబెడతావా?"

"కాగితాలు నువ్వు తగలబెట్టు. నేను పక్కన నిలబడతాను," అన్నాడు.

అమ్మ సమాధి మీద కలుపు పీకాం. దిమ్మలు పెట్టాను, సారా పోశాను. ఎండబెట్టిన పచ్చచేపలు రెండు కొని తెచ్చాను, అన్నేళ్ళ తర్వాత. పోయినవాళ్ళకు డబ్బు అందాలని మేం కాగితపు నోట్లు కాలుస్తాం. ఏది కాలిస్తే అది వాళ్ళకు చేరుతుందంటారు. నోట్లు కాలుతుండగా ఆయన చేతిసంచిలోంచి మడతపెట్టిన అట్ట ఒకటి తీశాడు. ఫ్యాను డబ్బా వెనకవైపు. పటం ఉన్న ముక్క మాత్రం కత్తిరించి తెచ్చాడు.

ఆయన్ను నేను క్షమించానని కాదు. క్షమించడం నా చేతిలో లేదు, మట్టిలో ఉన్నామె చేతిలో ఉంది. ఆమె ఏనాడూ ఎవరి మీదా కోపం ఉంచుకోలేదు, అదే నా బాధ. అట్టను మంటలో పెట్టబోతుంటే ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను.

"అమ్మకు చదువు రాదు," అన్నాను. "ఊరికే పంపితే ఏం చేసుకుంటుంది?"

ఆయన మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కిందికి దిగి, ఆ తడిమట్టిలో మోకరిల్లాడు. అట్టను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, సభలో కాగితం చదివే మనిషి, గొణుగుతూ మొదలుపెట్టాడు.

"ఈ బెంచీ దగ్గర లేచి... ఎడమకు తిరగండి..."

"గట్టిగా చదువు," అన్నాను. "అమ్మకు చెవుడు."

ఆయన మళ్ళీ మొదటి నుంచి, గట్టిగా చదివాడు.